విశాఖ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు: కిలోమీటర్ల లెక్క, గంటల లెక్క

విశాఖపట్నం నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు విమానంలో ఎంత దూరం అని వెతికితే ఒకచోట 13,300 కిలోమీటర్లు అని వస్తుంది. ఇంకోచోట 16,500 అని ఉంటుంది. మైళ్లలో చూస్తే ఒకరు 7,180 అంటారు, మరొకరు 8,270 అంటారు. ఈ నాలుగూ సరైనవే. ఏది దేని కొలతో తెలియకపోతే మాత్రం టికెట్ కొనేటప్పుడు తప్పుడు అంకె పట్టుకుని తప్పుడు దారి ఎంచుకుంటాం. నేను ఈ లెక్క మొదటి నుంచి చివరిదాకా చేత్తోనే వేస్తాను. ఆ పద్ధతి ఇక్కడ ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. శాన్‌ఫ్రాన్సిస్కో బదులు డల్లాస్ పెట్టుకున్నా, మెల్‌బోర్న్ పెట్టుకున్నా పద్ధతి మారదు.

ముందుగా ఒక గ్లోబు, ఒక దారం తీసుకోవాలి. పిల్లలు చదువుకునే 30 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గ్లోబు చాలు. దారం ఒక కొస విశాఖ మీద వేలితో అదిమి, రెండో కొసను శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర పట్టుకుని బిగించాలి. దారం వదులుగా ఉన్నంతసేపూ ఎటుపడితే అటు జారుతుంది. బిగించగానే తనంతట తానే ఒక దారిలో కుదురుకుంటుంది. అదే భూమి మీద ఆ రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దారి. దీన్ని మహావృత్తం అంటారు. స్కేలుతో కొలిస్తే దారం 31 సెంటీమీటర్ల పైన కాస్త వస్తుంది. గ్లోబు చుట్టుకొలత 94 సెంటీమీటర్లు, భూమి చుట్టుకొలత సుమారు 40,030 కిలోమీటర్లు. త్రైరాశికం వేస్తే 13,300 దగ్గర తేలుతుంది.

మొదటిసారి చూసేవాళ్లు ఆగిపోయేది ఆ దారం వెళ్లే దిక్కు దగ్గర. అమెరికా అంటే మనకు తూర్పున సముద్రం దాటితే వస్తుందనో, పడమర ఐరోపా మీదుగా వస్తుందనో అనుకుంటాం. దారం మాత్రం విశాఖ నుంచి దాదాపు ఉత్తరానికే పోతుంది. ఉత్తరం నుంచి తూర్పు వైపుకు 23 డిగ్రీలు మాత్రమే వాలుతుంది. ఒడిశా దాటి కాంచన్‌జంగా దరిదాపుల్లో హిమాలయాలు ఎక్కుతుంది. టిబెట్, చైనాలోని గాన్సు, మంగోలియా, బైకాల్ సరస్సు మీదుగా సైబీరియాలోకి వెళ్తుంది. రష్యా ఈశాన్య కొసన బిలిబినో పట్టణం దగ్గర 68 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాకా పోయి అక్కడి నుంచి కిందికి తిరుగుతుంది. ఆర్కిటిక్ వృత్తం 66 డిగ్రీల 34 నిమిషాల దగ్గరే ఉంది కాబట్టి ఈ దారి దాన్ని కూడా దాటినట్టే. ఆ తర్వాత బేరింగ్ జలసంధి, అలాస్కాలో యాంకరేజ్ పక్కన, చివరకు పసిఫిక్ తీరం వెంట దిగువకు. గోడకు తగిలించే మ్యాపు మీద స్కేలు పెట్టి తూర్పుకు సూటిగా గీత గీస్తే ఆ గీత పొడవు 15,200 కిలోమీటర్ల పైన ఉంటుంది. చూడ్డానికి సూటిగా ఉన్న గీత దాదాపు 1,900 కిలోమీటర్లు ఎక్కువ. గుండ్రటి భూమిని చదునుగా పరిచినప్పుడు ఉత్తరాన ఉన్న చోట్లు సాగిపోతాయి. మ్యాపు మీద కంటికి కనిపించే దూరాన్ని నమ్మకూడదని నేను పదే పదే చెప్పేది అందుకే.

దారంతో ఉజ్జాయింపు వస్తుంది. కచ్చితమైన అంకె కావాలంటే సైంటిఫిక్ కాలిక్యులేటర్ తీయాలి. ఇంటర్మీడియట్‌లో నేర్చుకున్న సైన్, కొసైన్ సరిపోతాయి.

విశాఖ విమానాశ్రయం 17.72 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 83.22 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయం 37.62 ఉత్తరం, 122.37 పడమర. డిగ్రీలు, నిమిషాల్లో ఇచ్చి ఉంటే నిమిషాలను 60తో భాగించి దశాంశంలోకి మార్చుకోవాలి. 17 డిగ్రీల 43 నిమిషాలను 17.43 అని కొట్టేస్తే అక్కడే 32 కిలోమీటర్ల తేడా పడుతుంది.

ఇప్పుడు రేఖాంశాల తేడా. ఒకటి తూర్పు, ఒకటి పడమర కాబట్టి రెండూ కూడాలి. 83.22, 122.37 కలిపితే 205.59. ఇది 180 దాటింది కాబట్టి 360లోంచి తీసేస్తే 154.41. ఆపైన లెక్క ఇలా సాగుతుంది. రెండు అక్షాంశాల సైన్‌లను గుణిస్తే 0.3044 × 0.6104 = 0.1858. వాటి కొసైన్‌లను, రేఖాంశాల తేడా కొసైన్‌ను గుణిస్తే 0.9526 × 0.7921 × (−0.9019) = −0.6805. రెండూ కలిపితే −0.4947. దీనికి ఇన్వర్స్ కొసైన్ నొక్కితే 119.65 డిగ్రీలు. భూమి మధ్యలో నిలబడి ఒక చేయి విశాఖ వైపు, రెండో చేయి శాన్‌ఫ్రాన్సిస్కో వైపు చాపితే ఆ చేతుల మధ్య కోణం అదన్నమాట.

ఈ కోణాన్ని దూరంగా మార్చడం తేలిక. ఒక డిగ్రీకి 111.195 కిలోమీటర్లు. గుణిస్తే 13,305 కిలోమీటర్లు. అదే 119.65ను 60తో గుణిస్తే 7,179 నాటికల్ మైళ్లు, ఎందుకంటే కోణంలో ఒక నిమిషానికి ఒక నాటికల్ మైలు అనే లెక్క మీదే ఆ కొలత పుట్టింది. ఒక నాటికల్ మైలు 1,852 మీటర్లు. రోడ్డు మైలు 1,609 మీటర్లు, ఆ లెక్కన 8,270. మొదట చెప్పిన రెండు రకాల మైళ్లూ ఇలా వచ్చినవే. పైలట్లు వాడేది మొదటిది. ఎయిర్‌లైన్ల మైలేజీ పాయింట్లలో సాధారణంగా కనిపించేది రెండోది.

తప్పు ఎక్కువగా జరిగేది పడమర రేఖాంశానికి మైనస్ గుర్తు మరిచిపోయినప్పుడు. కూడాల్సినచోట తీసేస్తాం, తేడా 39.15 డిగ్రీలే వస్తుంది, దూరం 4,400 కిలోమీటర్లని తేలుతుంది. ఆ లెక్క ప్రకారం మనం దిగేది చైనాలోని షాన్‌డాంగ్ ద్వీపకల్పం పక్కన సముద్రంలో. రెండో తప్పు కాలిక్యులేటర్ రేడియన్ మోడ్‌లో ఉండిపోవడం. లెక్క మొదలుపెట్టే ముందు సైన్ 30 నొక్కండి. 0.5 వస్తే డిగ్రీల్లో ఉన్నట్టు.

భూమి కచ్చితమైన గోళం కాదు కదా, భూమధ్యరేఖ దగ్గర కొంచెం ఉబ్బు, ధ్రువాల దగ్గర కొంచెం నొక్కు ఉంటాయి కదా అని కొందరు అడుగుతారు. నిజమే. భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 6,378 కిలోమీటర్లు, ధ్రువాల దగ్గర 6,357. గోళం అనుకుని వేసే లెక్కలో తప్పు ఎంత ఎక్కువైనా అర శాతం దరిదాపుల్లోనే ఉంటుంది. మన దారిలో అది అరవై కిలోమీటర్లకు అటూ ఇటూ, విమానానికి నాలుగైదు నిమిషాలు. ప్రయాణం ప్లాన్ చేసుకునేవాళ్లు దాని గురించి బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు.

ఇంతవరకూ వచ్చింది భూమి మీద దూరం. విమానం ఎగిరే దూరం వేరే. విశాఖ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు ఒకే విమానం లేదు. దానికి దూరం ఒక్కటే కారణం అనుకోకండి. 2021 జనవరి 9న ఎయిరిండియా శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఉత్తర ధ్రువం మీదుగా విమానం నడిపింది. కెప్టెన్ జోయా అగర్వాల్, కాక్‌పిట్‌లో అందరూ మహిళలే. ఆ రెండు నగరాల మధ్య ఆకాశదూరం 13,993 కిలోమీటర్లు. అంటే విశాఖ దానికన్నా దాదాపు 700 కిలోమీటర్లు దగ్గరే. విమానం సామర్థ్యం సరిపోతుంది. కానీ అంత పెద్ద విమానం రోజూ నిండాలంటే అంతమంది ప్రయాణికులు ఉండాలి. పైగా మన విమానాశ్రయం నౌకాదళానికి చెందిన ఐఎన్‌ఎస్ డేగాది, పౌర విమానాలు అందులో ఒక భాగాన్ని వాడుకుంటున్నాయి. 3,050 మీటర్ల రన్‌వే ఉంది, సమయాలు మాత్రం రెండు అవసరాల మధ్య పంచుకోవాలి.

దారం చూపించిన దారి కూడా అచ్చంగా ఎగరగలిగేది కాదు. టిబెట్ పీఠభూమి సగటు ఎత్తు 4,500 మీటర్ల పైనే, అంటే దాదాపు 15,000 అడుగులు. విమానంలో గాలి ఒత్తిడి పోతే వెంటనే 10,000 అడుగులకు దిగాలి. తల మీద జారే మాస్కుల్లో ప్రయాణికులకు ఆక్సిజన్ పావుగంట అటూ ఇటూ మాత్రమే అందుతుంది. కింద నేలే 15,000 అడుగుల ఎత్తులో ఉంటే 10,000కు దిగేది ఎక్కడ? అందుకే ఆ పీఠభూమి మీదుగా మామూలు విమానాలు అడ్డంగా వెళ్లవు. ఇది కాక దేశాల గగనతల ఆంక్షలు ఉంటాయి. 2022 నుంచి అమెరికా, ఐరోపా సమాఖ్య విమానాలకు రష్యా ఆకాశం మూసివేశారు. 2025 ఏప్రిల్‌లో భారత విమానాలకు పాకిస్తాన్ తన ఆకాశాన్ని మూసింది. ఈ రెండింటి వల్లా ఏ ఎయిర్‌లైన్ ఏ దారిలో వెళ్తుందో, ఎన్ని గంటలు పడుతుందో మారిపోతుంది. ఒకే రెండు ఊళ్ల మధ్య ఒక కంపెనీ విమానం 15 గంటల్లో, ఇంకో కంపెనీది 16 గంటల్లో వెళ్తే ఆశ్చర్యపోనక్కర్లేదు.

కాబట్టి రెండో దశలో ప్రయాణాన్ని ముక్కలు చేసి ఒక్కో ముక్కకు అదే లెక్క వేస్తాను. విశాఖ నుంచి ఢిల్లీ 1,358 కిలోమీటర్లు, ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో సుమారు 12,380, మొత్తం 13,740. విశాఖ నుంచి సింగపూర్ 2,908, అక్కడి నుంచి 13,593, మొత్తం 16,500. విశాఖ నుంచి హైదరాబాద్ 511, హైదరాబాద్ నుంచి దుబాయ్ సుమారు 2,550, అక్కడి నుంచి 13,040, మొత్తం 16,100. మహావృత్తం 13,305తో పోల్చి చూస్తే ఢిల్లీ దారి మూడు శాతమే ఎక్కువ, సింగపూర్ దారి 24 శాతం ఎక్కువ. కారణం దారంలోనే ఉంది. ఢిల్లీ మనకు ఉత్తరాన, వెళ్లాల్సిన దిక్కుకు దగ్గరగా ఉంది. సింగపూర్ ఆగ్నేయంగా, దాదాపు భూమధ్యరేఖ మీద ఉంది. ముందు దక్షిణానికి దిగి, ఆ దిగిందంతా మళ్లీ ఉత్తరానికి ఎక్కాలి.

ఇక్కడితో ఆపేసి ఢిల్లీయే మేలని తేల్చేవాళ్లు చాలామంది. గంటల్లోకి మార్చాక తీర్పు తిరగబడవచ్చు.

కిలోమీటర్లను గంటలుగా మార్చడానికి నేను వాడే కొలత ఇది. పెద్ద విమానాలు, అంటే బోయింగ్ 777, 787, ఎయిర్‌బస్ ఏ350 లాంటివి, 35,000 అడుగుల ఎత్తులో ధ్వని వేగంలో 85 శాతంతో వెళ్తాయి. అంత ఎత్తులో చలి మైనస్ 54 డిగ్రీలు కాబట్టి ధ్వని వేగమే తక్కువ. లెక్క వేస్తే గంటకు 907 కిలోమీటర్లు. దేశంలో తిరిగే ఏ320 లాంటి చిన్న విమానాలు గంటకు 830. దూరాన్ని ఈ వేగంతో భాగించి దానికి అరగంట కలపాలి. గేటు నుంచి రన్‌వే దాకా మెల్లగా నడవడం, పైకెక్కడం, దిగేటప్పుడు వేగం తగ్గించుకోవడం, మళ్లీ గేటు దాకా రావడం, అన్నింటికీ కలిపి ఆ అరగంట.

విశాఖ–హైదరాబాద్‌కు ఇలా వేస్తే గంటా ఏడు నిమిషాలు, విశాఖ–ఢిల్లీకి రెండు గంటలా ఎనిమిది నిమిషాలు, విశాఖ–సింగపూర్‌కు నాలుగు గంటలు వస్తాయి. టైంటేబుల్లో వీటికన్నా ఐదు నుంచి పదిహేను నిమిషాలు ఎక్కువ కనిపిస్తుంది. రద్దీ ఉన్న విమానాశ్రయాల్లో పడే ఆలస్యాన్ని ఎయిర్‌లైన్లు ముందే అందులో కలుపుకుంటాయి. విమానం ఇరవై నిమిషాలు లేటుగా కదిలినా టైముకే చేరిందని ప్రకటించడం మీరు వినే ఉంటారు, ఆ వెసులుబాటు ఇదే.

పెద్ద దూరాలకు ఈ లెక్కలో గాలిని కూడా చూసుకోవాలి. విమానాలు ఎగిరే ఎత్తులో పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే గాలి ప్రవాహం ఉంటుంది. చలికాలంలో ఉత్తర భారతం మీద ఇది గంటకు 200 కిలోమీటర్లు దాటడం మామూలే. సింగపూర్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు వెళ్లేటప్పుడు సుమారు 15 గంటలు, తిరిగి వచ్చేటప్పుడు సుమారు 17 గంటలు టైంటేబుల్లో ఉంటాయి. రెండింట్లోంచీ అరగంట తీసేసి 13,593ను భాగించండి. వెళ్లేటప్పుడు గంటకు 937, వచ్చేటప్పుడు 824 వస్తుంది. తేడాలో సగం, అంటే దాదాపు 57 కిలోమీటర్లు, దారంతటా సగటున తోడుగా గానీ ఎదురుగా గానీ వీచిన గాలి. రెండింటి సగటు 880. విమానం వేగం 907 కదా, 880 ఎందుకొచ్చింది? ఆకాశంలో నిర్ణీత దారులు, తుపాను మేఘాలు, ఎదురుగాలిని తప్పించే మలుపులు అన్నీ కలిసి అసలు దారి మహావృత్తం కన్నా ఓ మూడు శాతం పొడవు ఉంటుందని దీని అర్థం. ఒక్క టైంటేబుల్ చేతిలో ఉంటే గాలి ఎంతో, దారి వంకర ఎంతో ఇలా రెండూ బయటపడతాయి. ఈ లెక్కలో నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే.

వెళ్లేటప్పుడు కలిసొచ్చిన గాలి, వచ్చేటప్పుడు పోయిన దానికి సరిపోతుందని అనుకోవద్దు. 8,000 కిలోమీటర్ల దారి, 900 వేగం, 100 గాలి అనుకోండి. ఒకవైపు 8 గంటలు, ఇంకోవైపు 10 గంటలు, మొత్తం 18. గాలి లేకపోతే 17 గంటల 47 నిమిషాలే. ఎదురుగాలిలో ఎక్కువ సేపు ఉంటాం కాబట్టి నష్టం ఎప్పుడూ కాస్త ఎక్కువే.

ఇప్పుడు గడియారం లెక్క. టికెట్ మీద ఉండే ప్రతి సమయం ఆ ఊరి గడియారం ప్రకారమే. రెండు ఊళ్ల సమయాలను నేరుగా తీసేస్తే వచ్చేది అర్థం లేని అంకె. ఒకే మార్గం ఏమిటంటే అన్నింటినీ యూటీసీలోకి, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలోకి మార్చడం. మన సమయంలోంచి ఐదున్నర గంటలు తీసేయాలి. సింగపూర్ సమయంలోంచి ఎనిమిది తీసేయాలి. శాన్‌ఫ్రాన్సిస్కో సమయానికి చలికాలంలో ఎనిమిది, వేసవిలో ఏడు కలపాలి.

ఉదాహరణకు ఒక చలికాలపు సింగపూర్ ప్రయాణం చూద్దాం. ఇవి లెక్క కోసం నేను తీసుకున్న సమయాలు, మీ టికెట్ మీద ఉన్నవి పెట్టుకోండి. సోమవారం రాత్రి 11 గంటలకు విశాఖలో బయల్దేరితే యూటీసీలో అది సోమవారం 17:30. సింగపూర్‌లో దిగేది మంగళవారం తెల్లవారుజామున 5:45, యూటీసీలో సోమవారం 21:45. ప్రయాణం నాలుగుంపావు గంటలు. అక్కడ మళ్లీ ఎక్కేది ఉదయం 9:25, యూటీసీ 01:25. ఆగింది మూడు గంటల 40 నిమిషాలు. శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగేది మంగళవారం ఉదయం 8:25, యూటీసీ 16:25. సరిగ్గా పదిహేను గంటలు. మొత్తం 22 గంటల 55 నిమిషాలు. ఆ చివరి ముక్కను మళ్లీ ఒకసారి చూడండి. మంగళవారం ఉదయం 9:25కు సింగపూర్‌లో ఎక్కి, అదే మంగళవారం ఉదయం 8:25కు శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగుతున్నారు. మధ్యలో ఒక సూర్యాస్తమయం, ఒక సూర్యోదయం అయిపోయాయి. టికెట్ తప్పు పడిందని కంగారు పడి ఏజెంటుకు ఫోన్ చేసేవాళ్లున్నారు. తప్పేమీ లేదు, మధ్యలో అంతర్జాతీయ దినరేఖ దాటారు.

అలాగే ఢిల్లీ దారి. సాయంత్రం 6 గంటలకు విశాఖలో బయల్దేరి రాత్రి 8:25కు ఢిల్లీ, తెల్లవారుజామున 3 గంటలకు పెద్ద విమానం, పదహారు గంటల ప్రయాణం. రెండు గంటల 25 నిమిషాలు, ఆరు గంటల 35 నిమిషాలు, పదహారు గంటలు కలిపితే సరిగ్గా 25 గంటలు. దూరంలో 2,760 కిలోమీటర్లు తక్కువైన దారి సమయంలో రెండు గంటలకు పైగా ఎక్కువ తీసుకుంది. ఆ తేడా గాలిలో రాలేదు, ఢిల్లీలో కుర్చీ మీద కూర్చున్నప్పుడు వచ్చింది. అదే ఢిల్లీలో ఆగే సమయం మూడు గంటలకు తగ్గే విమానం దొరికితే మొత్తం 21 గంటల 25 నిమిషాలే, అప్పుడు ఢిల్లీయే గెలుస్తుంది. టికెట్లు వెతికేటప్పుడు నేను కిలోమీటర్లు ఒక్కసారి చూసి వదిలేస్తాను. మధ్యలో ఆగే గంటలను మాత్రం ప్రతి తేదీకీ విడివిడిగా చూస్తాను, ఎందుకంటే వారంలో రోజు మారితే అవి మారతాయి.

ఆగే సమయం ఎంత ఉండాలన్నది టికెట్ రకాన్ని బట్టి ఉంటుంది. విశాఖ నుంచి చివరిదాకా ఒకే పీఎన్‌ఆర్ మీద ఉంటే మొదటి విమానం లేటై రెండోది తప్పినా తర్వాతి దాంట్లో పంపే బాధ్యత ఎయిర్‌లైన్‌దే. అప్పుడు రెండున్నర, మూడు గంటలు చాలు. డబ్బు కలిసొస్తుందని రెండు వేర్వేరు టికెట్లు కొంటే ఆ బాధ్యత ఎవరిదీ కాదు. నా లెక్కలో అలాంటప్పుడు ఆరు గంటలకు తగ్గకూడదు. డిసెంబరు, జనవరిల్లో ఢిల్లీలో పొగమంచు ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరానికి తుపాన్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మన విమానాశ్రయమే దెబ్బతిని రాకపోకలు ఆగిపోయాయి. ఆ నెలల్లో విడి టికెట్ల మీద వెళ్లాల్సి వస్తే ముందురోజే పెద్ద నగరానికి చేరుకోవడం మేలు.

విడి టికెట్లలో సామాను దగ్గర కూడా దెబ్బ పడుతుంది. అమెరికా టికెట్ మీద చాలావాటిలో 23 కిలోల పెట్టెలు రెండు ఇస్తారు. విడిగా కొన్న దేశీయ టికెట్ మీద 15 కిలోలే. ఆవకాయ జాడీలు, బియ్యప్పిండి, పచ్చళ్లతో 46 కిలోలు సర్దుకుని విశాఖ కౌంటర్ దగ్గర నిలబడితే 31 కిలోలకు అదనపు రుసుము అక్కడికక్కడే కట్టాలి. టికెట్‌లో మిగిలిందనుకున్న డబ్బు అక్కడే పోతుంది. విదేశంలో మారేటప్పుడు విడి టికెట్లయితే సామాను తీసుకోవడానికి ఆ దేశంలోకి వెళ్లాల్సి రావచ్చు, అంటే వీసా చూసుకోవాలి. ఒకే టికెట్ అయినా కౌంటర్‌లో పెట్టెకు కట్టే ట్యాగ్ మీద చివరి ఊరి కోడ్ ఉందో లేదో కళ్లతో చూసుకోండి. శాన్‌ఫ్రాన్సిస్కోకు అది ఎస్‌ఎఫ్‌ఓ. విశాఖది వీటీజెడ్.

అక్కడి నుంచి ఇంకో అమెరికా నగరానికి వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. అమెరికాలో మొదట దిగిన చోటే ఇమ్మిగ్రేషన్, అక్కడే పెట్టెలు తీసుకుని కస్టమ్స్ దాటి మళ్లీ అప్పగించాలి. ట్యాగ్ చివరి ఊరికి ఉన్నా సాధారణంగా ఇది తప్పదు. దీనికి మూడు గంటలు పెట్టుకోవాలి.

ఇంటి నుంచి ఇంటికి లెక్క వేస్తే ఇంకొన్ని గంటలు చేరతాయి. అంతర్జాతీయ విమానానికి మూడు గంటల ముందు చేరాలి. విశాఖలోని మద్దిలపాలెం నుంచి ఎన్‌ఏడీ కూడలి మీదుగా విమానాశ్రయానికి ఓ నలభై నిమిషాలు. అక్కడ దిగాక ఇమ్మిగ్రేషన్, సామాను కలిపి గంటన్నర. 22 గంటల 55 నిమిషాల ప్రయాణం 28 గంటలు దాటుతుంది. భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరిట వస్తున్న కొత్త విమానాశ్రయం సంగతీ అంతే. ఆకాశదూరంలో తేడా కొన్ని పదుల కిలోమీటర్లు, విమానానికి మూడు నాలుగు నిమిషాలు. గాజువాక, కూర్మన్నపాలెం వాళ్లకు మాత్రం రోడ్డు మీద గంట పైనే పెరుగుతుంది. విజయనగరం, శ్రీకాకుళం వాళ్లకు ఆ గంట కలిసొస్తుంది.

గడియారం మార్పు విషయంలో మార్చి నెల ప్రత్యేకంగా చూసుకోవాలి. అమెరికాలో గడియారం మార్చి రెండో ఆదివారం ఒక గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం ఒక గంట వెనక్కు జరుగుతుంది. ఎయిర్‌లైన్ల వేసవి టైంటేబుల్ మొదలయ్యేది మార్చి చివరి ఆదివారం. మధ్యలో ఉన్న ఆ రెండు మూడు వారాల్లో విమానం మన దగ్గర అదే సమయానికి బయల్దేరినా అక్కడ దిగే సమయం గంట మారుతుంది. జనవరిలో వెళ్లినవాళ్ల టికెట్ చూసి మార్చిలో ఎయిర్‌పోర్టుకు కారు పంపితే గంట తేడా వస్తుంది.

తిరుగు ప్రయాణంలో పోయేది గంట కాదు, ఒక రోజు మొత్తం. సోమవారం రాత్రి 10 గంటలకు శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎక్కితే యూటీసీలో అది మంగళవారం 06:00. పదిహేడు గంటలు కలిపితే మంగళవారం 23:00, సింగపూర్‌లో బుధవారం ఉదయం 7 గంటలు. మంగళవారం అంతా ఆకాశంలోనే అయిపోతుంది. అక్కడి నుంచి విశాఖకు నాలుగు గంటలు, మధ్యలో ఆగే సమయం కలిపితే ఇంటికి చేరేది బుధవారం మధ్యాహ్నమో, రాత్రో. అమ్మానాన్నల్ని దింపుకోవడానికి వచ్చేవాళ్లకు బయల్దేరే తేదీ చెప్పకుండా విశాఖలో దిగే తేదీ, వారం, విమానం నంబరు రాసి పంపండి. నేనైతే ఆ కాగితం మీద ప్రతి ముక్క పక్కన రెండు సమయాలు రాస్తాను, ఒకటి ఆ ఊరిది, ఒకటి మన విశాఖది. అమ్మ ఇంట్లో గోడ గడియారం చూసుకుని ఇప్పుడు ఎక్కడున్నారో చెప్పగలగాలి.